ఓడ ట్యాంకుల్లో పెయింట్ వేసేవాళ్ల ఊపిరి కోసం: ఒక బహిరంగ లేఖ

నౌకా నిర్మాణం, కార్మిక భద్రత, పరిశోధన నిధుల వ్యవహారాలు చూస్తున్న కేంద్ర ప్రభుత్వ అధికారులకు,
షిప్‌యార్డుల యాజమాన్యాలకు, పెయింట్ కంపెనీలకు,
హైదరాబాద్ పరిశోధనాలయాల్లోని శాస్త్రవేత్తలకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం నౌకా నిర్మాణ రంగానికి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీని ఆమోదించింది. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డుకు నౌకాదళం కోసం ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్‌లు (యుద్ధనౌకలకు సముద్రంలోనే ఇంధనం, సరుకులు అందించే ఓడలు) కట్టే కాంట్రాక్టు 2023లోనే వచ్చింది. ఒక్కొక్కటి 44,000 టన్నుల ఓడ. తెలుగువాళ్లుగా మాకు ఇది సంతోషమే. అయితే ఈ ఓడలన్నిటికీ లోపల తుప్పు పట్టకుండా పెయింట్ వేయాలి. అది ఎలాంటి పెయింట్, వేసే మనిషి ఆ పనిలో ఏం పీలుస్తాడు అన్న మాట ఇంత హడావిడిలో ఎవరి నోటా రావడం లేదు. దాని గురించి అడగడానికే ఈ ఉత్తరం.

ఇది అందరూ చదివేలా ఎందుకు రాస్తున్నామంటే, కవర్లో పెట్టి పంపినవాటికి జవాబు లేదు కాబట్టి. నేను హైదరాబాద్‌లో రెసిన్ల (పెయింట్‌ను గట్టి పొరగా పట్టి ఉంచే పదార్థాల) తయారీలో పనిచేసి రిటైరైన కెమిస్టును. ఓడల పెయింటింగ్ ఇన్‌స్పెక్షన్ చేసిన కొందరు మిత్రులతో కలిసి, ఆవిరి తక్కువ వదిలే ట్యాంకు పెయింట్లు మన దగ్గరే తయారుచేసి పరీక్షించే ప్రతిపాదన ఒకటి రాసి సంబంధిత కార్యాలయానికి పంపాం. తగిన చర్య కోసం ముందుకు పంపామని ఒక కాగితం వచ్చింది. ఎవరికి పంపారని అడిగితే, అది తమ పరిధిలోకి రాదని ఇంకో కాగితం వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఓడల సంగతి చూసేవాళ్లు ఇది కార్మికుల భద్రత విషయం అంటారు. భద్రత చూసేవాళ్లు పెయింట్ ప్రమాణాల విషయం అంటారు. ప్రమాణాల వాళ్లు ముందు పరిశోధన జరగాలంటారు. పరిశోధన చేసేవాళ్లు, పరిశ్రమ నుంచి మమ్మల్ని అడిగినవాళ్లు లేరంటారు. అందుకే మీ అందరినీ ఒకే ఉత్తరంలో పిలుస్తున్నాం.

సముద్రమే లేని హైదరాబాద్‌కి ఓడల గొడవ ఎందుకని కొందరు అడిగారు. ట్యాంకుకు ఉప్పునీళ్లు తగిలేది విశాఖలో, కొచ్చిలో. కానీ ఆ ట్యాంకును కాపాడే రెసిన్ రసాయనం తెలిసినవాళ్లు తార్నాకలో ఉన్నారు. 1944లో మొదలై, రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీగా మన పెద్దవాళ్లకు తెలిసిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో నూనెల నుంచి, పాలిమర్ల నుంచి పూతలు తయారుచేసే పని దశాబ్దాలుగా సాగుతోంది. బాలాపూర్ దగ్గర కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో సోల్‌జెల్ పూతల (ద్రవం నుంచి తయారయ్యే పలచని గట్టి పూతల) మీద ప్రత్యేక కేంద్రమే ఉంది. కంచన్‌బాగ్‌లో లోహాల పరిశోధన ఉంది. జీడిమెట్ల, బొల్లారం వైపు రెసిన్లు వండగల యూనిట్లున్నాయి. ఇవన్నీ ఒకే ఊళ్లో ఉన్నప్పుడు ఈ ప్రశ్న ఇక్కడి నుంచి లేవడమే న్యాయం.

ముందు ట్యాంకు సంగతి. సరుకు దించేసిన ఓడ తేలికైపోయి అలలకు నిలవలేదు. అందుకని అడుగున, పక్కల్లో ఉండే బ్యాలస్ట్ ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుతారు. సరుకు ఎక్కాక తోడేస్తారు. అంటే లోపలి ఉక్కు కొన్నాళ్లు ఉప్పునీళ్లలో మునిగి ఉంటుంది, కొన్నాళ్లు ఉప్పు చెమ్మలో నానుతుంది. డెక్ కింది పలకలు పగలు ఎండకు కాలి, రాత్రి చల్లబడి నీరు కారుస్తాయి. అడుగున పేరుకున్న బురదలో, ఆక్సిజన్ అందని చోట, సల్ఫేట్ మీద బతికే బ్యాక్టీరియా చేరి ఉక్కులో గుంటలు పెడుతుంది. ఓడ మొత్తంలో తుప్పుకు ఇంత అనువైన చోటు ఇంకోటి లేదు. బయటివాళ్ల కంటికి కనపడని చోటు కూడా ఇదే.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో 1999 డిసెంబరులో ప్రపంచం చూసింది. ఎరికా అనే పాతికేళ్ల ట్యాంకరు ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం దగ్గర తుఫానులో రెండు ముక్కలైంది. లోపలి ఉక్కు తుప్పు పట్టి పలచబడిపోవడం దానికి ముఖ్య కారణాల్లో ఒకటి. సుమారు 20,000 టన్నుల చమురు సముద్రంలో కలిసింది. 2002లో స్పెయిన్ దగ్గర ప్రెస్టీజ్ అనే ఇంకో ట్యాంకరు మునిగింది. తర్వాత 2006 డిసెంబరులో అంతర్జాతీయ నౌకా సంస్థ ఐఎంఓ బ్యాలస్ట్ ట్యాంకుల పూతకు ఒక ప్రమాణం పెట్టింది. పూత 15 ఏళ్లు మంచి స్థితిలో ఉండాలి. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్) రకమైతే ఎండిన పొర 320 మైక్రాన్లు, అంటే 0.32 మిల్లీమీటర్లు ఉండాలి. ఉక్కు మీద ఉప్పు చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదు. గాలిలో తేమ 85 శాతం మించితే పెయింట్ కొట్టకూడదు. వెల్డులకు, అంచులకు, మూలలకు బ్రష్‌తో విడిగా స్ట్రైప్ కోట్ అనే అదనపు పొర వేయాలి. ఇది మంచి ప్రమాణం, దీన్ని మేం గౌరవిస్తాం. కానీ పెయింటర్ల ఆరోగ్యం, అగ్ని ప్రమాదాల దగ్గరికి వచ్చేసరికి, ఆ బాధ్యతను ఆయా దేశాల చట్టాలకు, షిప్‌యార్డులకు వదిలేసింది. ఓడను కాపాడే నియమం ఐఎంఓ ఉన్న లండన్ నుంచి వచ్చింది. మనిషిని కాపాడే నియమం మీరే రాయాలి.

ఇప్పుడు లెక్క. 320 మైక్రాన్ల మందమంటే చదరపు మీటరుకు 0.32 లీటర్ల గట్టి పొర. డబ్బాలో ఘనపదార్థం 60 శాతమే ఉంటే, ఆ పొర రావడానికి 0.53 లీటర్ల పెయింట్ కొట్టాలి. మిగిలిన 0.21 లీటరు ద్రావకం గాలిలోకి పోతుంది. ట్యాంకుల లోపలి వైశాల్యం 10,000 చదరపు మీటర్లు అనుకుందాం. మధ్యరకం ఓడకు ఇది పెద్ద అంకేమీ కాదు. 2,100 లీటర్లకు పైగా ద్రావకం ఆ ఇనుప గదుల్లోనే ఆవిరవుతుంది. కలిపే థిన్నర్, గన్ కడిగే థిన్నర్, స్ప్రేలో వృథా అయ్యేది ఇందులో చేర్చలేదు. అదే 80 శాతం ఘనమున్న పెయింట్ వాడితే 800 లీటర్లు. ద్రావకమే లేనిదైతే దాదాపు ఏమీ ఉండదు.

ఆ ద్రావకాల్లో తరచుగా కనపడేది జైలీన్. ఒక లీటరు జైలీన్ ఆవిరైతే సుమారు 200 లీటర్ల ఆవిరి అవుతుంది. ఎనిమిది గంటల పనికి అనుమతించే 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు) స్థాయికి దాన్ని పల్చన చేయాలంటే 2,000 ఘనపు మీటర్ల మంచి గాలి కావాలి. ఒక్క లీటరుకే! పైన చెప్పిన ట్యాంకులకైతే 42 లక్షల ఘనపు మీటర్లు. ఇంత గాలీ వెళ్లాల్సింది మనిషి వంగి దూరే మ్యాన్‌హోళ్ల గుండా, బ్లోయర్ గొట్టాలతో, పదుల కొద్దీ అరలు దాటుకుంటూ. ఆఖరి అర దాకా గాలి వెళ్లిందని ఎవరైనా ధైర్యంగా చెప్పగలరా?

దీనివల్ల మామూలు మనుషులకు జరిగేది చెబుతాం.

1. పెయింటర్ ఊపిరి. జైలీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లకు పైగా బరువు. అందుకని అది కిందికి దిగి, పెయింటర్ మోకాళ్ల మీద కూర్చుని పనిచేసే అడుగు అరల్లోనే నిలుస్తుంది. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, మత్తు, మాట తడబడటం దాని మొదటి లక్షణాలు. ఆ మత్తులో నిచ్చెన ఎక్కడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ పనికి వలస వెళ్లిన ఒక అబ్బాయి మాతో అన్న మాట ఇది: "లోపల ఉన్నంతసేపూ తెలీదు సార్. పైకి వచ్చి గాలి తగిలాక కాళ్లు ఒణుకుతాయి." దుమ్ము పనికీ వాసన పనికీ వెళ్లేముందు బెల్లం ముక్క చేతిలో పెట్టడం మన కాంట్రాక్టర్లకు అలవాటు. బెల్లం జైలీన్‌ని ఆపదు. ఆపేది బయటి నుంచి గొట్టంతో గాలి అందించే మాస్క్. చాలాచోట్ల మేం చూసింది మాత్రం లోపలి గాలినే వడగట్టే కార్ట్రిడ్జ్ మాస్కులే, అవి కూడా మార్చాల్సిన టైముకి మార్చనివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, పెయింటర్ వృత్తిలో ఎదురయ్యేవాటిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో 1989లోనే చేర్చింది. ఇంత కాలమైనా ట్యాంకులోకి దిగేవాడికి ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. అతను కాంట్రాక్టర్ కింద, ఆ కాంట్రాక్టర్ ఇంకో కాంట్రాక్టర్ కింద ఉంటాడు. ఏ రిజిస్టరులో అతని ఊపిరితిత్తుల పరీక్ష ఉంటుందో వెతికి చూడండి.

2. అగ్ని. గాలిలో జైలీన్ ఆవిరి సుమారు 1 శాతానికి చేరితే ఒక నిప్పురవ్వ చాలు. అంటే ఒక లీటరు జైలీన్ ఆవిరైతే 20 ఘనపు మీటర్ల గాలిని, ఒక చిన్న గదిని, పేలే స్థితికి తీసుకురాగలదు. మన వేసవిలో ట్యాంకు ఉక్కు వేడికి జైలీన్ అంటుకునేంత ఆవిరి వదులుతూనే ఉంటుంది. గాలి పరీక్షించి ఇచ్చిన పత్రమో, ఊపిరి పరికరమో లేకుండా ఇలాంటి ట్యాంకులోకి మనిషిని దించకూడదని, తగిన రక్షణ లేకుండా లోపల వాడే చేతి దీపం 24 వోల్టులు దాటకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. రాసినవాళ్లకు ప్రమాదం తెలుసు. రాత్రి షిఫ్టులో ఎవరు కొలిచారు, ఏ మీటరుతో కొలిచారు అన్నదే మా ప్రశ్న.

3. చర్మం. ఇది అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. ఎపాక్సీ రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు చర్మానికి అలర్జీ తెస్తాయి. ఒకసారి వస్తే జన్మంతా పోదు. ఆ మనిషి మళ్లీ ఆ పని చేయలేడు. చేతికొచ్చిన ఒకే ఒక్క నైపుణ్యం వదిలేసి కూలికి వెళ్లాలి.

4. తీరం. పెయింట్ సరిగా ఆరక, అంచుల్లో పలచగా నిలిచి, నాలుగైదేళ్లకే లేచిపోతే ట్యాంకు తుప్పు పడుతుంది. మళ్లీ డాకింగ్, మళ్లీ బ్లాస్టింగ్, మళ్లీ అదే పెయింటర్ అదే ట్యాంకులోకి. చేయించకపోతే ఎరికా కథ. అప్పుడు నష్టపోయేది వలలు ఎండేసుకున్న మత్స్యకారులు.

5. ఓడ చివరి మజిలీ గుజరాత్‌లోని అలంగ్. అక్కడ గ్యాస్ కట్టర్‌తో ఉక్కు కోసేవాడు పాత పెయింట్ పొగనంతా పీలుస్తాడు. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశం నియమం పెట్టింది, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. ఆ నియమం ఇళ్లకూ అలంకరణ పెయింట్లకే. ఓడల పెయింట్లకు వర్తించదు.

ఇక దారి ఉందా అంటే, ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా కొంచెమే. అమెరికా 1995లోనే షిప్‌యార్డుల్లో వాడే సాధారణ పెయింట్లకు హానికర కర్బన ఆవిరి లీటరుకు 340 గ్రాములు దాటకూడదని గీత గీసింది. అక్కడి నౌకాదళం ట్యాంకులకు ద్రావకం బాగా తగ్గించిన, అంచుల మీద నిలబడే ఎపాక్సీలకు మారి చాలా ఏళ్లయింది. పలచని పెయింట్ ఆరేటప్పుడు పదునైన అంచు మీంచి వెనక్కి జారిపోతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. చిక్కటి పెయింట్ అక్కడే ఉండిపోతుంది. ఆవిరి తగ్గించడం కోసం చేసిన మార్పు పూత ఆయుష్షును కూడా పెంచింది. నిజాయితీగా చెప్పాలంటే నీళ్లతో కలిపే ఎపాక్సీల మీద మాకు పెద్ద నమ్మకం లేదు. ఓడలో సిబ్బంది గదులకు, కారిడార్లకు అవి చక్కగా సరిపోతాయి, అక్కడ వెంటనే వాడాలి. విశాఖ తేమలో, మూసిన ట్యాంకులో ఆ నీరు త్వరగా ఆరదు, ఈలోగా పూత కిందే ఉక్కు ఎర్రబడుతుంది. ట్యాంకులకు ద్రావకం లేని ఎపాక్సీయే సరైన దారి అని మా అభిప్రాయం.

దానికి ఇబ్బందులు లేవని అనం. వేసవిలో కలిపిన అరగంటలోపే డబ్బాలో గట్టిపడే రకాలున్నాయి. రెండు భాగాలను వేడిచేసి గన్ దగ్గర కలిపే ప్రత్యేక పంపు కావాలి, అది చిన్న కాంట్రాక్టరు కొనలేడు. నడపడం నేర్పాలి. చర్మ అలర్జీ ప్రమాదం అలాగే ఉంటుంది కాబట్టి గ్లౌజులు, సూట్లు, మాస్కులు మానేయడానికి వీల్లేదు. ద్రావకం లేదని డబ్బా మీద రాసి, లోపల బెంజైల్ ఆల్కహాల్ దండిగా కలిపే పద్ధతి కూడా ఉంది. అది త్వరగా ఆవిరి కాదు కాబట్టి లెక్కలో తప్పించుకుంటుంది, తర్వాత పూతలోంచి మెల్లగా బయటికొస్తుంది. పరిశోధన జరగాల్సింది ఇలాంటి చోట్లే: మన వేడికి, మన తేమకు తగిన హార్డెనర్ మీద.

ఆ హార్డెనర్‌కి ముడిసరుకు మన ఇంట్లోనే ఉంది. జీడిగింజ పెంకులో ఘాటైన నూనె ఉంటుంది. దాన్ని వేడిచేసి శుద్ధి చేస్తే కార్డనాల్ వస్తుంది. కార్డనాల్ నుంచి ఫెనాల్‌కమైన్ అనే హార్డెనర్లు తయారవుతాయి. చెమ్మ ఉన్న ఉక్కు మీద కూడా పట్టుకోవడం, ఉప్పునీటిని ఆపడం వాటి బలం. ప్రపంచమంతా ఓడల పెయింట్లలో వీటిని వాడుతోంది. పలాస, కాశీబుగ్గలో జీడిపప్పు వలిచాక మిగిలే పెంకుల్లో ఉన్నది ఇదే. ట్యాంకులో థిన్నర్ పీలుస్తున్న ఆ అబ్బాయిదీ ఆ జిల్లాయే. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ మెట్ట పొలాలకు తెలిసిన ఆముదం నుంచి కూడా పూతలకు పనికొచ్చే రెసిన్లు వస్తాయి. పలాస పెంకు, తార్నాక రసాయనం, విశాఖ ట్యాంకు, ఈ మూడింటినీ కలిపే ఒక్క ప్రాజెక్టు మంజూరు చేయమనే మేం అడిగింది.

ఖరీదు ఎక్కువన్నది మాకు ఎప్పుడూ వినపడే అభ్యంతరం. టెండర్లో లీటరు రేటు చూసి ఎల్‌1 (అతి తక్కువ ధర చెప్పినవాళ్లు) ఎవరో తేల్చేస్తున్నారు. ఉదాహరణకు 60 శాతం ఘనమున్న పెయింట్ లీటరు 100 రూపాయలనుకుందాం. చదరపు మీటరుకు 53 రూపాయలవుతుంది. ద్రావకం లేని పెయింట్ లీటరు 166 రూపాయలున్నా చదరపు మీటరుకు అయ్యేది అంతే. లీటరు రేటు చూసినంత కాలం మనం గాలిలో కలిసిపోయే ద్రావకానికి కూడా ప్రజల డబ్బు కడుతున్నట్టే.

మా డిమాండ్లు ఇవి.

1. బ్యాలస్ట్ ట్యాంకులు, తాగునీటి ట్యాంకులు, మూసిన అరల్లో వాడే పెయింట్లకు ఆవిరి పరిమితి పెట్టండి. లీటరుకు 250 గ్రాములతో మొదలుపెట్టి, ఐదేళ్లలో 100కి దించండి. ప్రభుత్వ డబ్బుతో కట్టే ఓడలకు ముందు వర్తింపజేయండి.

2. టెండర్లలో లీటరు ధర బదులు ఎండిన పొర ప్రకారం చదరపు మీటరు ధర, పూత ఆయుష్షు చూడండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు.

3. పరీక్ష ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఐఎంఓ ప్రమాణం ప్రకారం కొత్త పెయింట్‌ను 180 రోజులు అలల ట్యాంకులో పెట్టాలి, రెండు వారాలు సుమారు 35 డిగ్రీల సముద్రపు నీటితో, ఒక వారం ఖాళీగా. చెమ్మ గదిలో ఇంకో 180 రోజుల పరీక్ష ఉంది. చిన్న యూనిట్ ఈ ఖర్చు మోయలేదు. అందుకే మంచి ఫార్ములాలు బీకర్లలోనే ఆగిపోతున్నాయి. విశాఖలో అందరికీ అందుబాటులో ఉండే పరీక్షా కేంద్రం పెట్టి, దాన్ని హైదరాబాద్ ల్యాబులకు జోడించండి. 69,725 కోట్లలో దీనికి కావాల్సింది ఎంతని?

4. సీసం నియమాన్ని ఓడల పెయింట్లకు విస్తరించండి, వాటిలోని క్రోమేట్‌కి (క్రోమియం రసాయనానికి) కూడా పరిమితి పెట్టండి. డబ్బాలో ఏముందో, బెంజైల్ ఆల్కహాల్‌తో సహా, తెలుగులోనూ హిందీలోనూ డబ్బా మీద రాయించండి.

5. ట్యాంకులో దిగే ప్రతి మనిషికీ, ఏ కాంట్రాక్టర్ కింద ఉన్నా సరే, గాలి గొట్టం మాస్క్ ఇవ్వాలి. పని మొదలుపెట్టే ముందు, మధ్యలో, అడుగు అరలో గ్యాస్ కొలత తీసి పలక మీద రాయాలి. ఏడాదికోసారి ఊపిరితిత్తుల, చర్మ పరీక్ష చేయించి, ఆ రిపోర్టు అతని చేతికే ఇవ్వాలి. అతను యార్డు మారినా ఆ కాగితం అతనితో వెళ్లాలి. కొత్త పెయింట్ వచ్చేదాకా ఇది ఆగడానికి వీల్లేదు. రేపటి నుంచే చేయొచ్చు.

6. వేడి పంపులను యార్డులే కొని కాంట్రాక్టర్లకు అద్దెకివ్వాలి. పెయింటర్లకు జీతంతో కూడిన శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలి. అల్ట్రావయొలెట్ దీపం కింద మెరిసే ప్రైమర్ వాడితే పూత అందని చోటు వెంటనే తెలుస్తుంది. ఇన్‌స్పెక్టరూ పెయింటరూ లోపల గడిపే సమయం తగ్గుతుంది. అది కూడా నేర్పాలి.

శాస్త్రవేత్తలకు ఒక మాట. పరిశ్రమ అడగలేదని ఆగకండి. మేం అడుగుతున్నాం. ఒక నమూనా ట్యాంకు, ఒక వేసవి, ఒక వర్షాకాలం మీ ప్రాజెక్టులో పెట్టుకోండి. మా దగ్గరున్న నోట్సు, రెసిన్ వంటలో మా అనుభవం రూపాయి తీసుకోకుండా ఇస్తాం.

అధికారులకు చివరి విన్నపం. పై ఆరు డిమాండ్లలో ఏది ఏ కార్యాలయం పరిధిలోకి వస్తుందో మీలో మీరు మాట్లాడుకుని, ప్రతిదానికీ ఒక బాధ్యుణ్ణి, ఒక గడువును రాతపూర్వకంగా ప్రకటించండి. 60 రోజుల్లో ఆ జవాబు రాకపోతే ఇదే ఉత్తరాన్ని పెయింటర్ల సంతకాలతో పార్లమెంటు పిటిషన్ల కమిటీకి పంపుతాం.

ఇట్లు,
రెసిన్ల పరిశ్రమలో పనిచేసి రిటైరైన ఒక కెమిస్టు, మిత్రులు
హైదరాబాద్